విదూషకుడు కరివేపాకు కాదు

సంస్కృత నాటకాల గురించి తెలుగులో ఎవరు రాసినా, విదూషకుడి దగ్గరికి వచ్చేసరికి కలం తేలికపడిపోతుంది. బట్టతల, వంకర కర్ర, కుడుముల మీద యావ, పిరికితనం అని నాలుగు మాటలు చెబుతారు. నాయకుడి విరహంతో బరువెక్కిన ప్రేక్షకుణ్ణి కాసేపు నవ్వించడానికి కవి పెట్టుకున్న పాత్ర అని తేల్చేసి ముందుకు సాగిపోతారు. తరగతి గదిలో పాఠం చెప్పేవారిదీ అదే వరస. నాటకాన్ని గంటన్నరకు కుదించి ఆడేవారిదీ అదే వరస. నిడివి తగ్గించాల్సి వస్తే మొదటి కోత అతని మాటలకే పడుతుంది. కూరలో కరివేపాకులా వాసనకు వేసి, తినేటప్పుడు పక్కన పెట్టదగ్గవాడని ఒక నమ్మకం స్థిరపడిపోయింది.

ఈ నమ్మకం తప్పు. ఎవరి అభిరుచి వారిదని సర్దుకుపోదగ్గ తప్పు కూడా కాదిది. నాటకాన్ని అంకం అంకంగా తెరిచి చూస్తే ఎవరికి వారే రుజువు చేసుకోగలరు. కాళిదాసు, భాసుడు, శూద్రకుడు తమ కథల్లో మలుపు తిరిగే చోట్లను వెతికి వెతికి విదూషకుడి చేతిలో పెట్టారు. ఆ మలుపుల దగ్గర అతను లేకపోతే కథ నడవదు.

ముందుగా మాళవికాగ్నిమిత్రం చూడాలి. కాళిదాసు తొలి నాటకమని ఎక్కువమంది పండితులు భావించే ఈ అయిదంకాల నాటకం అచ్చమైన సుఖాంతం, అంతఃపుర వినోదం. విదిశను ఏలే శుంగ రాజు అగ్నిమిత్రుడు ఒక చిత్రపటంలో పట్టపురాణి ధారిణి పక్కన నిలబడ్డ పరిచారికను చూస్తాడు. ఆమె ఎవరని అడిగితే రాణి మాట దాటేస్తుంది. పక్కనే ఉన్న చిన్నపిల్ల వసులక్ష్మి, ఆమె పేరు మాళవిక అని చెప్పేస్తుంది. అప్పటి నుంచి రాణి మాళవికను రాజు కంట పడకుండా దాచడం మొదలుపెడుతుంది. రాజు చేయగలిగింది నిట్టూర్చడమే. తర్వాత జరిగేదంతా విదూషకుడు గౌతముడు జరిపించేదే.

మొదటి అంకంలో కాళిదాసు రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టాడు. ముందు రాజు మంత్రితో విదర్భ మీద యుద్ధం సంగతి మాట్లాడి నిర్ణయం తీసుకుంటాడు. మంత్రి అటు వెళ్ళగానే ఇటు గౌతముడు వస్తాడు. అతన్ని చూసి రాజు, ఇంకో వ్యవహారం చూసే నా మంత్రి వచ్చాడంటాడు. రాజ్యానికొక మంత్రి, ప్రేమకొక మంత్రి. ఇద్దరి పనీ వ్యూహం పన్నడమే. ఉపాయం దొరికిందా అని రాజు అడిగితే గౌతముడు, ఉపాయం సంగతి ఎందుకు, పని అయిందా అని అడగమంటాడు. అప్పటికే ఆస్థానంలోని ఇద్దరు నాట్యాచార్యులకు, రాణి వైపు గణదాసుకూ రాజు వైపు హరదత్తుకూ, మధ్య అతను తగాదా రాజేసి వచ్చాడు. ఎవరు గొప్పో తేల్చమని ఇద్దరూ రాజు ముందుకు వస్తారు. తేల్చాలంటే శిష్యుల ఆట చూడాలి. గణదాసు శిష్యురాలు మాళవిక. దాచిపెట్టిన అమ్మాయిని రాణి తన చేతులతోనే రాజు ముందుకు పంపాల్సిన పరిస్థితి అలా ఏర్పడింది.

ధారిణి తెలివైన మనిషి. వాసన పట్టేసింది. ఈ పోటీ వద్దని గణదాసును ఆపబోతుంది. నాటకం అక్కడ ఆగిపోవాలి. ఆగకుండా చేసింది గౌతముడి ఒకే ఒక్క మాట. దేవి సరిగ్గానే చెప్పింది గణదాసూ, సరస్వతికి పెట్టిన మోదకాలు తింటూ హాయిగా కూర్చోక, ఓడిపోయే పోటీ నీకెందుకన్న అర్థంలో అతను సానుభూతి చూపిస్తాడు. ఆ సానుభూతి గణదాసుకు ముల్లులా గుచ్చుకుంటుంది. చదువును పొట్టకూటికి మాత్రమే వాడుకుంటూ వాదానికి వెనకాడేవాడు జ్ఞానాన్ని అమ్ముకునే వర్తకుడని అతను రోషంగా శ్లోకం చదివి, పోటీ జరిగి తీరాలని పట్టుబడతాడు. ఈ శ్లోకం నేటికీ అధ్యాపకుల సభల్లో వినిపిస్తుంది. దాన్ని ఉదహరించేవారిలో ఎంతమందికి అది మోదకాల మాటకు జవాబని గుర్తుంటుంది? శ్లోకం నిలిచింది, శ్లోకాన్ని పుట్టించిన మాట జారిపోయింది. విదూషకుడి విషయంలో మన జ్ఞాపకం పనిచేసే తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రెండో అంకం ఇంకా శ్రద్ధగా చూడదగ్గది. మాళవిక ఆట ముగించి వెళ్ళబోతుంది. రాజు కళ్ళారా చూసింది లేదు. గౌతముడు ఆగమంటాడు, క్రమంలో ఒకటి మరిచిపోయారంటాడు. గణదాసు కంగారుపడతాడు. ఏమిటా లోపమని అందరూ అడుగుతుంటే గౌతముడు వెంటనే చెప్పడు. ముందు తీర్పరిగా కూర్చున్న పరివ్రాజిక కౌశికిని అడగమని సాగదీస్తాడు. అంతసేపూ మాళవిక రంగం మీదే, రాజు కళ్ళెదుటే నిలబడి ఉంటుంది. చివరికి, మొదటి ప్రదర్శనలో ముందుగా బ్రాహ్మణుణ్ణి పూజించాలి, అది మరిచారంటాడు. అందరూ నవ్వుతారు, మాళవిక కూడా చిరునవ్వు నవ్వుతుంది. రాజుకు కావలసింది ఆ చిరునవ్వే. ఈ చోటును చదివి, దక్షిణ మీద ఆశపడే బ్రాహ్మణుడి హాస్యమని వ్యాఖ్యానించేవారు దృశ్యంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూడనట్టే. నాటకాన్ని కంటితో చదవాలి. చెవితో మాత్రమే చదివితే ఇక్కడ వినిపించేది ఒక పాత జోకు. కంటితో చదివితే కనిపించేది, ఒక మనిషి గడియారాన్ని ఆపి పట్టుకోవడం.

ఆ వెంటనే ఇంకో చిక్కు. హరదత్తు తన వంతు వచ్చిందని ముందుకొస్తాడు. రాజుకు అక్కర లేదు, చూడాల్సింది చూసేశాడు. కానీ కాదనడం మర్యాద కాదు కనుక చూడాలనే ఉందంటాడు. సరిగ్గా అప్పుడే వైతాళికుడు మధ్యాహ్నమైందని ప్రకటిస్తాడు. గౌతముడు అందుకుంటాడు. భోజనాల వేళ అయింది, వేళ దాటితే దోషమని వైద్యులు చెబుతారు, ఏమంటావు హరదత్తూ అని సూటిగా అతన్నే అడుగుతాడు. హరదత్తు మాటాడడానికి ఏమీ మిగలదు. నీ ప్రయోగం రేపు చూస్తామని రాజు అంటాడు. విదూషకుడి తిండిపోతుతనానికి సాక్ష్యంగా చూపే మాటల్లో ఇదొకటి. ఆకలి నిజమే కావచ్చు. ఆ మాట పడిన చోటు చూస్తే మాత్రం, పన్నాగం నెరవేరిన మరుక్షణం పోటీని మూసేయడానికి వేసిన తాళమది. రాజు మర్యాద పోలేదు, హరదత్తు పరువు పోలేదు, రాణికి అనడానికి ఆధారం దొరకలేదు. ఒక సభను ఇంత నేర్పుగా ముగించగల మనిషిని మూర్ఖుడని ఎలా అంటారు?

ఆ తర్వాత రాజును కూడా అతను వదలడు. కసాయి కొట్టు మీద తిరిగే పక్షిలా మాంసం మీద ఆశ, దిగడానికి భయం అని ముఖం మీదే పోలిక చెబుతాడు. ఆ నాటకంలో రాజుతో అలా మాట్లాడగలవాడు మరొకడు లేడు.

మూడో అంకానికి బీజం కూడా గౌతముడి దగ్గరే ఉంది. అతని చపలత్వం వల్ల ధారిణి ఊయల మీద నుంచి పడి కాలు నొప్పి చేసుకుంటుంది. అశోకవృక్షం పూయాలంటే అందమైన స్త్రీ పాదం తాకాలి. అది రాణి చేయాల్సిన పని. కాలు కదపలేక ఆమె మాళవికను పంపుతుంది. అయిదు రాత్రుల్లోగా చెట్టు పూస్తే కోరిక తీరుస్తానని మాట కూడా ఇస్తుంది. ఈ మాటే అయిదో అంకంలో మాళవిక పెళ్ళికి దారి వేస్తుంది. ఊయల ప్రమాదాన్ని తీసేయండి. మాళవిక తోటకు రాదు, రాజు ఆమెతో మాట్లాడడు, రెండో రాణి ఇరావతి వాళ్ళను చూసి మండిపడదు, ధారిణి వరం ఇవ్వదు. విదూషకుడు లేకపోయినా కథ నిలుస్తుందనేవారు ఈ గొలుసులో ఏ లంకెను దేనితో అతుకుతారో చెప్పాలి.

ఇక నాలుగో అంకం. ఇరావతి ఫిర్యాదు మీద ధారిణి మాళవికనూ ఆమె చెలి బకుళావళికనూ నేలమాళిగలో పెట్టించి, తన నాగముద్ర ఉంగరం చూపిస్తే తప్ప విడవొద్దని కాపలాదారుకు ఆజ్ఞ ఇస్తుంది. రాజుకు సైన్యం ఉంది, అధికారం ఉంది, కానీ పట్టపురాణి ఆజ్ఞను కాదనే ధైర్యం లేదు. గౌతముడు మొగలి ముళ్ళతో తన వేలికి గాట్లు పెట్టుకుంటాడు. వేలిని జంధ్యంతో కట్టుకుని, రాణిని చూడడానికి పూలు కోస్తుంటే పాము కరిచిందని ఆమె ఎదుటికే వస్తాడు. ఒళ్ళు వణికిస్తాడు. చిన్ననాటి స్నేహితుణ్ణి, దిక్కులేని నా తల్లిని చూసుకోమని రాజును వేడుకుంటాడు. తన వల్లే బ్రాహ్మణుడి ప్రాణం మీదికి వచ్చిందని రాణి తల్లడిల్లుతుంది. వైద్యుడు ధ్రువసిద్ధి దగ్గర నుంచి కబురు వస్తుంది: చికిత్సకు పాము గుర్తున్న వస్తువు ఏదైనా కావాలి. ధారిణి వేలి నుంచి ఉంగరం తీసి ఇచ్చేస్తుంది. ఆ ఉంగరంతో నేలమాళిగ తలుపులు తెరుచుకుంటాయి. రాజు గ్రహాలు బాగాలేవు, ఖైదీలందరినీ విడిచిపెట్టాలని జ్యోతిషులు చెప్పారని కాపలాదారుకు కూడా అతుకు లేకుండా ఒక కారణం చెప్పి వస్తాడు.

అతని పతనమూ అదే అంకంలో ఉంది. రాజు, మాళవిక కలుసుకున్న చోట కాపలా కూర్చున్న గౌతముడు నిద్రపోయి మాళవిక పేరు కలవరిస్తాడు. అది ఇరావతి చెవిన పడుతుంది. ఆమె దాసి నిపుణిక పాములా వంకర తిరిగిన అతని కర్రనే అతని మీద పడేస్తుంది. పాము పామని కేకలు వేసి, కర్రని తెలుసుకుని, మొగలి ముళ్ళతో పాముకాటు నటించిన పాపం ఇలా తగిలిందనుకున్నానని అసలు గుట్టు తానే బయటపెట్టుకుంటాడు. కాళిదాసు అతన్ని దేవుణ్ణి చేయలేదు. ముళ్ళు గుచ్చుకునే తెగువ, నిద్ర ఆపుకోలేని బలహీనత ఒకే మనిషిలో పెట్టాడు. నాలుగో అంకంలో తలుపులు తెరిపించిన చేయీ, గుట్టు విప్పిన నోరూ రెండూ గౌతముడివే. ఇంతగా అల్లుకుపోయిన పాత్రను నవ్వుల కోసం పెట్టిన అతుకు అనడం నాటకం చదవకుండా నాటకం గురించి మాట్లాడడమే.

మరి ఈ అపోహ ఇంత గట్టిగా ఎలా పాతుకుంది? కొంత బాధ్యత లక్షణకారులది. పదో శతాబ్దపు దశరూపకంలో ధనంజయుడు విదూషకుణ్ణి హాస్యం చేసేవాడని ఒక్క మాటలో ముగించాడు. పద్నాలుగో శతాబ్దపు సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు పేరు, వేషం, మాట తీరు, తగవుల మీద ఇష్టం చేర్చి కొంచెం పొడిగించాడు. మన పాఠ్యగ్రంథాలు ఆ నిర్వచనాలనే తరతరాలుగా మోస్తున్నాయి. వాటికంటే ఎంతో పాతదైన నాట్యశాస్త్రం చెప్పే సంగతి వేరు. మొదటి అధ్యాయంలో, రాక్షసుల విఘ్నాల నుంచి నటులను కాపాడడానికి దేవతలను నియమించినప్పుడు నాయకుడికి ఇంద్రుడు, నాయికకు సరస్వతి, విదూషకుడికి ఓంకారం కాపలా. మిగిలిన పాత్రలన్నిటికీ కలిపి శివుడు. విడివిడిగా రక్షణ పొందినవి మూడే పాత్రలు, అందులో ఒకటి విదూషకుడు. బ్రహ్మ నటులకు కానుకగా ఇచ్చిందని అదే గ్రంథం చెప్పే కుటిలకం, అంటే వంకర కర్ర, రంగం మీద అతని చేతికే చేరింది. పొడుచుకొచ్చిన పళ్ళు, గూని, బట్టతల అని అతని ఆకారాన్ని వికారంగా వర్ణించిందీ ఆ శాస్త్రమే. ఈ రెండిటిలో వికారాన్ని మాత్రమే తర్వాతివారు ఎత్తి రాసుకున్నారు.

ఇంకో కారణం మన చదువు తీరులోనే ఉంది. మనం నాటకాన్ని శ్లోకాల సంపుటిగా గుర్తుపెట్టుకుంటాం. విదూషకుడు బ్రాహ్మణుడై ఉండీ ప్రాకృతం మాట్లాడతాడు, అదీ దాదాపు అంతా వచనంలోనే. బట్టీ పట్టడానికి శ్లోకం లేదు, సభలో ఉదహరించడానికి పద్యం లేదు. తెలుగు రంగస్థలం మీద పద్యానికే వన్స్‌మోర్‌లు పడిన కాలంలో ఈ వచనపు మనిషి వెనక్కి పోవడం సహజం. శాకుంతలంలో నాలుగో అంకం, అందులో నాలుగు శ్లోకాలు గొప్పవని సంప్రదాయం ఎప్పటి నుంచో చెబుతోంది. అది శకుంతల అత్తవారింటికి బయల్దేరే అంకం. ఆ నాటకంలో విదూషకుడైన మాధవ్యుడు అందులో లేడు. అతన్ని అప్పటికే కాళిదాసు బుద్ధిపూర్వకంగా రాజధానికి పంపేశాడు.

ఆ పంపడంలోనే అసలు కిటుకుంది. మహాభారతంలోని శకుంతల కథలో విదూషకుడు లేడు, శాపం లేదు, ఉంగరం లేదు. మూడూ కాళిదాసు తెచ్చి పెట్టినవే. రెండో అంకంలో దుష్యంతుడు ఆశ్రమకన్య మీద తన ప్రేమనంతా మాధవ్యుడికి చెప్పుకుంటాడు. ఇంతలో రాజధాని నుంచి తల్లి పిలుపు వస్తుంది. రాజు తన బదులు మాధవ్యుణ్ణి పంపుతూ, వీడు నోరు జారి అంతఃపురంలో చెబుతాడేమోనని, ఇందాక చెప్పిందంతా పరిహాసం, నమ్మకు అంటాడు. అయిదో అంకంలో శకుంతల సభకు వచ్చేముందు మాధవ్యుణ్ణి రాణి హంసపదికను ఓదార్చడానికి మళ్ళీ బయటికి పంపుతాడు కవి. దుర్వాసుడి శాపం తాకింది రాజు జ్ఞాపకాన్ని. మాధవ్యుడి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఆ సభలో అతను ఉండి ఉంటే ఒక్క మాటతో శాపం బలం సగం పోయేది. ఆరో అంకంలో ఉంగరం దొరికి కుమిలిపోతున్న రాజు, నువ్వు కూడా మరిచిపోయావా అని అడిగితే మాధవ్యుడు, మరవలేదు, కానీ చివర్లో అంతా పరిహాసమని నువ్వే చెప్పావు, మట్టిబుర్రవాణ్ణి కనుక నమ్మానంటాడు. దుష్యంతుడి విషాదంలో శాపం వాటా ఎంతో, స్నేహితుడికి చెప్పిన ఆ చిన్న అబద్ధం వాటా అంత. దాన్ని రాజు ముందు పెట్టింది విదూషకుడి అమాయకమైన జవాబు.

అదే అంకం చివర ఇంద్రుడి సారథి మాతలి అదృశ్యంగా వచ్చి మాధవ్యుణ్ణి పట్టుకుని చితకబాదుతాడు. స్నేహితుడి ఆర్తనాదం విని రాజు విల్లు అందుకుంటాడు. దుఃఖంతో నీరసించినవాడిలో కోపం రగిల్చి యుద్ధానికి లేపడానికే ఇలా చేశానని మాతలి తర్వాత చెబుతాడు. ఆ యుద్ధం నుంచి తిరిగివస్తూనే దుష్యంతుడు కొడుకును చూస్తాడు. శకుంతలను తిరిగి కలిపే దారి మాధవ్యుడి వీపు మీదుగా పోయింది.

శూద్రకుడి మృచ్ఛకటికంలో విదూషకుడు మైత్రేయుడి తీరు వేరు. గౌతముడు వేసిన ఎత్తు పారుతుంది. మైత్రేయుడు ముట్టుకున్నది చెడుతుంది. నాయకుడు చారుదత్తుడి ఇంట సిరి ఉన్నన్నాళ్ళూ పిండివంటలు తిన్నవాడు, సిరి పోయాక పగలంతా ఎక్కడెక్కడో తిరిగి రాత్రికి ఆ ఇంటికే వచ్చి తలదాచుకుంటాడు. తిండి కోసమే అంటిపెట్టుకున్నవాడైతే ఎప్పుడో వెళ్ళిపోవాలి. వసంతసేన నగల మూటను కాపలా కాస్తూ నిద్రమత్తులో దాన్ని దొంగ శర్విలకుడి చేతికి తానే అందిస్తాడు, ఎదుట ఉన్నది చారుదత్తుడనుకుని. తొమ్మిదో అంకంలో న్యాయస్థానానికి పరిగెత్తుకొచ్చి, వసంతసేనను చంపాడని చారుదత్తుడి మీద నేరం మోపిన శకారుడితో కలబడతాడు. అప్పుడు అతని చంకలో నుంచి వసంతసేన నగలు జారి నేలమీద పడతాయి. ఆ చప్పుడుతో చారుదత్తుడి మీద హత్యానేరం రుజువైపోతుంది. స్నేహితుణ్ణి కాపాడబోయి మరణశిక్షకు దగ్గర చేసినవాడు మైత్రేయుడు. ఈ ఘట్టం చదివి హాస్యపాత్ర అనే ముద్ర వేయడానికి ఎవరికైనా చేయి ఎలా ఆడుతుందో అర్థం కాదు. అదే మనిషి పదో అంకంలో చారుదత్తుడి చిన్న కొడుకు రోహసేనుణ్ణి వెంటబెట్టుకుని వధ్యస్థానం దారికి వస్తాడు.

తిండియావ గురించి ఇంకొక్క సాక్ష్యం చెప్పుకోవాలి. భాసుడి ప్రతిజ్ఞాయౌగంధరాయణంలో శత్రువు చెరలో ఉన్న రాజు ఉదయనుణ్ణి విడిపించడానికి అతని మనుషులు మారువేషాల్లో ఉజ్జయినిలో తిరుగుతుంటారు. మంత్రి యౌగంధరాయణుడు పిచ్చివాడి వేషంలో, రుమణ్వంతుడు శ్రమణుడి వేషంలో, విదూషకుడు వసంతకుడు బిచ్చగాడి వేషంలో. మూడో అంకంలో వసంతకుడు తన మోదకాలు పోయాయని గోల చేస్తాడు, పిచ్చివాడు వాటిని లాక్కుంటాడు, శ్రమణుడు మధ్యలో దూరతాడు. చుట్టూ ఉన్నవారికది మోదకాల కోసం తగాదా. వాళ్ళ ముగ్గురికీ అది రాజును తప్పించే మంతనం. విదూషకుడి మోదకాన్ని గూఢభాషగా వాడిన కవి ఉండగా, మోదకం కనిపించిన ప్రతిచోటా తిండిపోతు అని రాసుకోవడం న్యాయం కాదు. భాసుడిదే స్వప్నవాసవదత్తంలో, చనిపోయిందనుకున్న వాసవదత్త ఎక్కువ ఇష్టమా, కొత్త రాణి పద్మావతి ఎక్కువ ఇష్టమా అని రాజును గుచ్చి గుచ్చి అడిగి నిజం రాబట్టేదీ వసంతకుడే. వాసవదత్త పక్కనే పొదచాటున ఉండి వింటుంది. నాటకంలో ఆమె బతుకుకు ఊరట దొరికేది ఆ ఒక్క ప్రశ్న వల్ల.

అంతకంటే వెనక్కి వెళ్ళినా ఇదే కథ. మధ్య ఆసియాలో దొరికిన తాటాకుల ముక్కలను 1911లో జర్మన్ పండితుడు హైన్రిష్ లూడర్స్ ప్రకటించాడు. అవి అశ్వఘోషుడి శారిపుత్రప్రకరణానివి, మనకు దొరికిన అతి ప్రాచీన సంస్కృత నాటకాల్లో ఒకటి. శారిపుత్రుడు బౌద్ధం స్వీకరించే కథ. అక్కడా విదూషకుడు ఉన్నాడు. క్షత్రియుడు చెప్పే ధర్మాన్ని బ్రాహ్మణుడు ఎలా స్వీకరిస్తాడని అడ్డుచెప్పేవాడు అతనే. నాటకం మొత్తానికి మూలమైన ప్రశ్న అది.

ప్రత్యర్థుల చేతిలో ఒక బలమైన వాదం ఉంది. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో విదూషకుడు లేడు. భవభూతి మూడు నాటకాల్లోనూ లేడు. గొప్ప నాటకానికి అతను అవసరమే అయితే ఇవెలా నిలిచాయి? ఈ ప్రశ్నకు జవాబు ఆ నాటకాల్లోనే ఉంది. ముద్రారాక్షసంలో పన్నాగాలన్నీ చాణక్యుడే పన్నుతాడు. ఎత్తులు వేయగల మనిషే ప్రధానపాత్ర అయినప్పుడు ఎత్తులు వేసే స్నేహితుడి అక్కర లేదు. మాలతీమాధవంలో ప్రేమికులను కలిపే పని బౌద్ధ సన్యాసిని కామందకి చేస్తుంది. గౌతముడి బాధ్యతలు ఆమె నెత్తికెత్తుకుంది. విదూషకుణ్ణి తీసేసినచోట ఆ పని మరొకరికి అప్పగించక తప్పలేదు. అలంకారాన్ని తీసేస్తే ఎవరికీ ఏ పనీ అప్పగించాల్సిన అవసరం ఉండదు.

ఒక మాట ఒప్పుకోవాలి. తర్వాతి కాలపు నాటికల్లో చాలామంది విదూషకులు అచ్చులో పోసినట్టు ఉంటారు. రాజు ప్రేమలో పడితే తోడు తిరగడం, రాణి కోపిస్తే జడుసుకోవడం తప్ప వాళ్ళకు సొంత ముఖం లేదు. చెడ్డ నకళ్ళను చూసి అసలును కొలవడం మాత్రం ఏ కళలోనూ సబబు కాదు. నకలు వేసినవారికి పాత్ర పని అర్థం కాలేదు, వేషమే అర్థమైంది. నేటి విమర్శ చేస్తున్న పొరపాటూ సరిగ్గా అదే.

ఈమధ్య ఇంకో వాదన వినిపిస్తోంది. విదూషకుణ్ణి మెచ్చుకోవాలనుకునేవారు అతన్ని తెనాలి రామకృష్ణుడితోనూ షేక్స్‌పియర్ కింగ్ లియర్‌లోని ఫూల్‌తోనూ పోల్చి, నవ్విస్తూ నిజాలు చెప్పే జ్ఞాని అంటున్నారు. ఉద్దేశం మంచిదే, పోలిక కుదరదు. గౌతముడు నిజాలు చెప్పడం కంటే అబద్ధాలు ఆడటంలోనే దిట్ట. లియర్ ఫూల్ రాజు కొలువులో ఉన్న మనిషి, రాజు కొరడా దెబ్బలకు భయపడే మనిషి. సంస్కృత విదూషకుడు రాజును వయస్యా అని పిలుస్తాడు, రాజూ అతన్ని అలాగే పిలుస్తాడు. చక్రవర్తి పక్కన సమానుడిగా కూర్చుని, సామాన్యుల ప్రాకృతంలో మాట్లాడే మనిషి అతను. ఈ రెండిటినీ కలిపి మోసే పాత్ర ఆ నాటకాల్లో ఇంకొకటి లేదు. దాన్ని గుర్తించడానికి పడమటి పోలిక అరువు తెచ్చుకోనక్కర లేదు.

ఆ మాటతీరు విలువను తెలుగులో తొలినాళ్ళలోనే గుర్తించినవాడు వేదం వేంకటరాయ శాస్త్రి. నాగానందాన్ని తెలుగు చేసినప్పుడు సంస్కృతంలో ప్రాకృతం మాట్లాడే పాత్రలకు ఆయన వాడుక తెలుగు పెట్టారు. నాటి పండితులు తప్పుపడితే గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనం రాసి తన పద్ధతిని సమర్థించుకున్నారు. 1897 నాటి ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడి నోట అతని సొంత పలుకు పలికించారు. ఆ నాటకం పేరెత్తితే నేటికీ పేరిగాడు గుర్తుకొస్తాడు. అందరూ గ్రాంథికంలో మాట్లాడే అనువాదంలో గౌతముడు రాజుకు నకలుగా వినిపిస్తాడు, అతని పదును సగం అక్కడే పోతుంది. పండితుడైన శాస్త్రిగారే ఈ పాత్రల పలుకు కోసం పండితులతో తగువుకు దిగారన్నది మరవకూడదు.

శాస్త్రం చదవని మన ఆటగాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు. కూచిపూడి భామాకలాపంలో మాధవి లేకపోతే సత్యభామ లేఖ కృష్ణుడికి చేరదు. సత్యభామను ఆటపట్టిస్తూ, ప్రేక్షకులతో మాట కలుపుతూ ఆ పాత్ర రాత్రంతా కలాపాన్ని నడిపిస్తుంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణ కథ మధ్యలోకి చొరబడి ఊరి సంగతులు మాట్లాడతారు. కేరళ కూడియాట్టంలో విదూషకుడు మలయాళంలో సంస్కృత, ప్రాకృత భాగాలకు అర్థం చెబుతాడు, ధర్మార్థకామమోక్షాల స్థానంలో భోజనం, రాజసేవ, వినోదం, వంచన అనే నాలుగు పురుషార్థాలను పెట్టి రాత్రుల తరబడి ఒక్కడే రంగాన్ని ఏలుతాడు. భాసుడి ఆ మోదకాల అంకం అక్కడ మంత్రాంకం పేరుతో ఈనాటికీ బతికి ఉంది. నాటకాన్ని పుస్తకంలో కాక రంగం మీద నిలుపుకున్న సంప్రదాయాలు విదూషకుణ్ణి పెంచాయే గాని తుంచలేదు.

కాబట్టి మాళవికాగ్నిమిత్రాన్ని కుదించి ఆడదలచినవారు కత్తెర ఎక్కడ పెట్టాలో మళ్ళీ ఆలోచించుకోవాలి. మూడో అంకంలో వసంతవర్ణన శ్లోకాలు నాలుగు తగ్గించినా కథ నడుస్తుంది. రెండో అంకంలో భోజనాల వేళ అయిందన్న గౌతముడి ఒక్క మాట తీసేస్తే, హరదత్తు తన శిష్యురాలి ఆట చూపించకుండానే ఎందుకు వెనుదిరిగాడో ఏ ప్రేక్షకుడికీ అర్థం కాదు.